ఖాతా పుస్తకం మూసేయమని నాయనకు ఎలా చెప్పాలి?

కంబదూరు శీన
మంగళవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది అనంతపురం జిల్లా కంబదూరు మండలంలో ఒక చిన్న ఊరు. నేను బెంగళూరులో ఒక గోడౌన్‌లో పని చేస్తాను. ఊర్లో నాయనకు చిల్లర కొట్టు ఉంది. ఇరవై రెండేళ్లుగా మా ఇల్లు దాని మీదే నడిచింది.

ఈ ఏడు శెనక్కాయ (వేరుశనగ) పోయింది. అదును చూసుకునే విత్తనం వేశారు, మొలక బాగానే వచ్చింది. ఊడలు, అంటే పువ్వు నుంచి నేలలోకి దిగి కాయ కట్టే కాడలు, దిగే టైంకి బెట్ట పట్టింది. నలభై రోజులు చినుకు లేదు. ఎర్రనేల గట్టిపడితే ఊడ లోపలికి పోలేదు, పైపైనే మాడిపోతుంది. పీకితే చెట్టుకు రెండు మూడు కాయలు, అవీ లొట్టలు. కాయ ఆశ వదులుకుని, పశువుల మేతకు కట్టె అయినా మిగులుతుందని పీకిన వాళ్లే ఎక్కువ.

ఇప్పుడు ఊరంతా మా కొట్టు ఖాతా మీద తింటోంది. నాయన దగ్గర పొడుగాటి ఖాతా పుస్తకం ఉంది. ఎర్ర అట్ట, చుట్టూ సైకిల్ ట్యూబు కోసి చేసిన రబ్బరు. ఇంటికో పేజీ. పోయిన వారం ఊరికి పోయినప్పుడు కూర్చుని కూడితే 1,86,000 వచ్చింది. కల్యాణదుర్గంలో మాకు సరుకు వేసే షావుకారు, పాత బాకీలో సగమన్నా కట్టందే కొత్త లోడు దింపనన్నాడు. ఆయనా పైన కట్టుకోవాల కదా, ఆయన్ను అనడానికి లేదు.

నాయనతో ఖాతా ఆపు అంటే, "పంట పండినప్పుడు నా కొట్లో కొనుక్కున్నారు, ఎండినప్పుడు పొమ్మంటానా" అంటాడు. అమ్మ గొలుసు బ్యాంకులో పెట్టి సరుకు తెస్తానని కూర్చున్నాడు. నాకు రెండు రాత్రులుగా నిద్ర లేదు. ఇట్లాంటి ఏడు మీ ఊర్లలో కొట్టు వాళ్లు ఏం చేశారో చెప్పండి.

---

పెనుకొండ నుంచి బెంగళూరు
మంగళవారం, రాత్రి 10:15

బ్రదర్, గొలుసు మాత్రం పెట్టనీయొద్దు. మా చిన్నాయనది కూడా ఇదే కథ. రెండేళ్లు వరసగా కరువు వస్తే ఊరికి ఖాతా ఇచ్చి ఇచ్చి, ఆఖరికి కొట్టుకు తాళం వేశాడు. బాకీ పడిన వాళ్లు ఆయన ఎదురుపడితే సిగ్గుతో సందు మారిపోయేవాళ్లు. డబ్బూ పోయింది, మనుషులూ పోయారు.

మా పక్క ఎర్రమంచి దగ్గర 2019లో కార్ల ఫ్యాక్టరీ మొదలైంది కాబట్టి కొంతమంది పిల్లలకు దారి దొరికింది. మీ పక్క అది కూడా లేదు. నాయననూ అమ్మనూ నీ దగ్గరికి తెచ్చుకో. కష్టంగా ఉన్నా ఉన్న మాట చెబుతున్నా.

---

ధర్మవరం పడుగు
మంగళవారం, రాత్రి 11:02

శీనా తమ్ముడూ, తాళం వేయడానికి తొందరపడొద్దు. మా ఇంట్లో ఏం జరిగిందో చెబుతాను.

మాది పట్టుచీరల మగ్గం. 2020లో లాక్‌డౌన్ వచ్చింది సరిగ్గా పెళ్లిళ్ల సీజన్‌లో. పెళ్లిళ్లు లేకపోతే చీరలు ఎవరు కొంటారు? మాకు నేత పని ఇచ్చే మాస్టర్ వీవర్ల బీరువాలు నిండిపోయాయి. మగ్గం మీద సగం నేసిన పడుగు అట్లే ఉంది, పేకకు రేషం (పట్టు దారం) ఇచ్చే వాళ్లు లేరు. నేను గుంతలో కాళ్లు పెట్టుకుని ఊరికే కూర్చున్న రోజులున్నాయి. ఇంట్లో ఆ చప్పుడు ఆగిపోతే ఎట్లుంటుందో నేతపని వాళ్లకే తెలుస్తుంది. మా అత్త అయితే, ఇంట్లో ఎవరో పోయినట్టుంది అనేది.

ఆ నాలుగు నెలలు మమ్మల్ని బతికించింది మా వీధి చివర కొట్టాయన. అయితే ఆయన కళ్లు మూసుకుని ఇవ్వలేదు. మొదటి వారమే వీధిలో ఆడవాళ్లందరినీ పిలిచి చెప్పేశాడు: బియ్యం, పప్పు, నూనె, ఉప్పు, పసిబిడ్డలకు పాలు ఖాతాలో రాస్తాను. బీడీలు, పాకెట్ చిరుతిళ్లు, తలనూనెలు, కూల్‌డ్రింకులు నగదుకే. నా మొగుడు బీడీల కోసం పోతే ఆయన తలెత్తి కూడా చూడలేదు. అప్పుడు కోపమొచ్చింది. ఇప్పుడు తలుచుకుంటే, మా పేజీలో అంకె మేము తీర్చగలిగే దగ్గర ఆగిందంటే అందుకే.

మగ్గాలు తిరిగాక ప్రతి చీర కూలీలో కొంత తీసి కట్టాం. పద్నాలుగు నెలలు పట్టింది. వీధిలో ఒక్క ఇల్లు తప్ప అందరూ తీర్చారు. ఆ ఒక్క ఇల్లూ ఊరు వదిలిపోయింది.

నాయనకు ఖాతా ఆపమని చెప్పొద్దు. ఖాతాలో ఏం రాయాలో, ఏం రాయకూడదో చెప్పు.

---

సుగ్గి బడి
బుధవారం, ఉదయం 6:20

నేను కర్నూలు జిల్లా కోసిగి పక్క ఒక ప్రాథమిక బడిలో టీచర్‌ని. మా దగ్గర వలస అనరు, సుగ్గి అంటారు. పత్తి తీతకు తెలంగాణకు, మిరప కోతకు గుంటూరుకు. దీపావళి దాటితే ఊర్లు ఖాళీ అవుతాయి, ఉగాదికి మళ్లీ నిండుతాయి.

పోయిన నెల ఒక రాత్రి మా వీధిలో లారీ ఆగింది. మూటలు, సట్లు, నీళ్ల బిందెలు, రెండు మేకలు, మనుషులు. నా మూడో తరగతి పాప ఒకతి బడి సంచి భుజాన వేసుకుని లారీ మీద కూర్చుంది. పుస్తకాలు ఎందుకమ్మా అంటే, "ఆడ రాత్రిపూట చదువుకుంటా సార్" అంది. మర్నాడు నా తరగతిలో 41 మందికి 18 మంది వచ్చారు. సీజనల్ హాస్టల్ ఉన్న ఊర్లలో పిల్లలు ఆగుతారు. లేని చోట తల్లిదండ్రులతోనే పోతారు, పొలం గట్టున టార్పాలిన్ పట్టా కింద పడుకుంటారు.

మీ ప్రశ్నకు వస్తాను. సుగ్గికి పోయిన ఇళ్లలో మిగిలేది ముసలివాళ్లు. వాళ్ల చేతిలో డబ్బుండదు. కొడుకు పోయేటప్పుడు కొట్టు దగ్గర ఆగి, "మా అవ్వకు ఏం కావాలన్నా ఇయ్యి, ఉగాదికి వచ్చి కడతా" అని చెప్పి పోతాడు. లారీ ఎక్కే ముందు చెప్పే ఆఖరి మాట అదే. ఉగాదికి దిగీదిగగానే ముందు పోయేది కూడా ఆ కొట్టుకే, ఆ తర్వాతే ఇంటికి.

శీనా, మీ ఖాతా మూస్తే ముందు పస్తుండేది పొలం పోగొట్టుకున్న రైతు కాదు, ఆ ముసలామె. ఒకసారి పుస్తకం తెరిచి చూడండి, ఎన్ని పేజీలు అట్లాంటివి ఉన్నాయో.

---

పత్తికొండ బుడ్డలు
బుధవారం, ఉదయం 8:47

మీరు శెనక్కాయ అంటారు, మా కర్నూలు పక్క బుడ్డలు. పేరేదైనా ఎండేది ఒకటే.

మా దగ్గర టమాట ఇంకో రకం దెబ్బ. పంట లేక కాదు, ఎక్కువై. ధర పడిపోయినప్పుడు మార్కెట్‌కు తెచ్చిన బాడుగ కూడా రాక గంపలు రోడ్డు పక్కన పారబోసి పోయిన రోజులు నేను చూశాను, నేనూ పోశాను. పారబోసేటప్పుడు వెనక్కి తిరిగి చూడలేం.

మీ నాయన లాంటి వాళ్లు మా జిల్లాలో ముందు నుంచీ ఉన్నారు. ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి కరువులో జనానికి అన్నం పెట్టినందుకు విక్టోరియా రాణి పతకం పంపింది. నూటయాభై ఏళ్లు దాటినా ఆయన పేరు చెప్పుకుంటున్నాం. మీ నాయన చేస్తున్నది చిన్న పని కాదు.

---

హిందూపురం పెద్దాయన
బుధవారం, మధ్యాహ్నం 12:30

బ్యాంకులో 34 ఏళ్లు పని చేసి రిటైరయ్యాను. ఆ అనుభవంతో కొంచెం గట్టిగానే చెబుతాను, ఎవరూ మరోలా అనుకోవద్దు.

పత్తికొండ మిత్రుడు చెప్పిన వెంగళరెడ్డి గారు మహానుభావుడు, నమస్కారం. కానీ ఆయనకు గాదెలు ఉన్నాయి. శీన నాయనకు ఉన్నది ఒక కొట్టు, ఒక గొలుసు. ఆ పోలిక పెట్టి ఆయన మీద ఇంకా బరువు వేయకండి.

కరువులో ఊరంతా ఒక్కటై బతికిందని మనం చెప్పుకుంటాం. నిజమే, కానీ సగమే. 1876 నుంచి 78 దాకా వచ్చిన ధాత కరువులో మన సీమలో ఊర్లకు ఊర్లు పాడుబడ్డాయి. మంచితనం లేక కాదు, పంచుకోవడానికి గింజ లేక. 1952 కరువులో గంజి కేంద్రాలు పెట్టారు. మా అమ్మ చెంబు పట్టుకుని వరసలో నిలబడ్డది. వరసలో వెనక ఉన్న బాలింతను అందరూ ముందుకు తోసేవాళ్లని చెప్పేది. ఆ తోయడం ఊరి మంచితనం. కానీ గంజి బయటి నుంచే రావాల్సి వచ్చింది. రెండూ కలిస్తేనే మనుషులు మిగిలారు. ఉపాధి హామీ పథకాన్ని 2006 ఫిబ్రవరి 2న మన అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలోనే ఎందుకు మొదలుపెట్టారు? ఇక్కడ పొరుగువాడి సాయం ఒక్కటే చాలదని తెలిసే కదా.

ఇప్పుడు లెక్క. శీన నాయన చేస్తున్నది ఊరి అప్పును ఒక్కడి నెత్తిన పెట్టుకోవడం. షావుకారుకు ఆయన ఒక్కడే జవాబుదారీ. ఊర్లో పొదుపు సంఘాలు ఉంటాయి. వాళ్ల పొదుపులోంచి అంతర్గత అప్పుగా కొంత తీసి షావుకారుకు కట్టించండి. ఏ ఇంటి తరఫున ఎంత కట్టారో ఆ ఇల్లు సంఘానికి బాకీ. పేజీలు మూడు రకాలుగా విడదీయండి: వారం వారం కూలి వచ్చే ఇళ్లు, ఉగాదికి వచ్చే ఇళ్లు, ఎక్కడి నుంచీ రాబడి లేని ఇళ్లు. మూడో రకాన్ని బాకీ అనుకోవద్దు, వాళ్లను ఊరు పోషించాలి. పింఛను, రేషను సరిగా అందుతున్నాయా అని ముందు చూడండి. షావుకారు దగ్గరికి నాయనను ఒక్కణ్ణి పంపకండి, సంఘం వాళ్లు ఇద్దరు తోడు పోవాలి.

గొలుసు అమ్మ మెడలోనే ఉండనీ.

---

మైదుకూరు ఉల్లి
బుధవారం, రాత్రి 8:05

కడప జిల్లా నుంచి. మేము కేపీ (కృష్ణాపురం) ఉల్లి వేస్తాం. ఇది ఇక్కడి వంటల్లో వాడరు, ఘాటు ఎక్కువ. మలేషియా, సింగపూర్ లాంటి దేశాలకు పోవాలి. 2020 సెప్టెంబరులో ఉల్లి ఎగుమతులు ఆపేసినప్పుడు మా పరిస్థితి ఊహించుకోండి. తర్వాతి నెలలో మా రకానికి కొంత మేరకు అనుమతి ఇచ్చారు, అప్పటిదాకా కళ్లాల్లో గడ్డలు చూసుకుంటూ కూర్చున్నాం.

అప్పుడు మా వీధి ఏం చేసిందంటే, ముయ్యి పద్ధతికి తిరిగిపోయింది. మా అబ్బ కాలంలో బాగా ఉండేది, తర్వాత కూలీలు వచ్చాక తగ్గింది. ఈ రోజు నీ చేనికి మేము ఆరుగురం వస్తాం, రేపు మా చేనికి మీరు ఆరుగురు రావాలి. డబ్బు చేతులు మారదు. సంగటి, ఊరుబిండి చేను గల వాళ్లది. మొదటి రోజు ఎవరి చేను అన్న దగ్గర చిన్న మాట పట్టింపు వచ్చింది. మొగుడు పోయిన ఒక అక్క చేను ముందు అని మా పెద్దమ్మ తేల్చేసింది, ఇంకెవరూ నోరెత్తలేదు. ఆ అక్క ఇంట్లో తిరిగి పంపడానికి మనుషులు లేరు. అయినా ఆమె బిడ్డ బడికి సెలవు ఉన్నప్పుడల్లా ఎవరో ఒకరి చేనికి వచ్చి నిలబడేది. పద్మూడేళ్ల పిల్ల. మేము వద్దన్నా వినేది కాదు.

---

పెనుకొండ నుంచి బెంగళూరు
బుధవారం, రాత్రి 9:30

మైదుకూరు అన్నా, చదివితే బాగుంది. కానీ ముయ్యితో కాలేజీ ఫీజు కట్టలేం కదా. ఆ పద్మూడేళ్ల పిల్ల సెలవు రోజుల్లో చేనిలో నిలబడిందంటే నాకు బాధగా ఉంది, సంతోషం కాదు. ఊరి ఐకమత్యం అని మనం మెచ్చుకునే చాలా పనుల్లో భారం మోసేది ఆడవాళ్లు, పిల్లలే. అది కూడా మాట్లాడుకుందాం.

---

మైదుకూరు ఉల్లి
బుధవారం, రాత్రి 9:52

తమ్ముడూ, నువ్వన్నది సబబే. ఆ పాప ఇప్పుడు కడపలో డిగ్రీ చదువుతోంది. ఫీజుకు మేమంతా తలా కొంత వేస్తున్నాం. అయినా నీ మాట తీసిపారేయను.

---

తాడిపత్రి పాలిష్
గురువారం, ఉదయం 7:10

బండల పాలిష్ ఫ్యాక్టరీలో పని చేసేవాణ్ణి. ఇళ్లకు టైల్స్ వచ్చాక నల్లబండ అడిగేవాళ్లు తగ్గారు. మా యూనిట్ మూతపడింది. ఆ గండం దాటడానికి ఇరవై మందిమి చీటీ వేసుకున్నాం. చీటీ రాసేవాడు మావాడే, మంచివాడే. ఏడో నెలలో ఇంట్లో ఆపరేషన్ వచ్చి ఆ డబ్బు వాడేసుకున్నాడు. పీకల మీదికి వస్తే ఎవరైనా అంతే. తప్పు మాదే, పుస్తకం ఒక్కడి దగ్గర ఉంచాం.

శీనా, పెద్దాయన చెప్పినట్టు చేస్తే లెక్క రెండు చోట్ల రాయించు. ఒకటి కొట్లో, ఒకటి సంఘం దగ్గర. నాయన మీద నమ్మకం లేక కాదు, రేపు ఎవరూ నాయనను వేలెత్తి చూపకుండా ఉండటానికి.

---

కంబదూరు శీన
తర్వాతి సోమవారం, రాత్రి 10:20

అందరికీ పేరుపేరునా దండాలు. శని, ఆదివారాలు ఊర్లోనే ఉన్నాను. ఏం జరిగిందో రాస్తాను.

ముందు నాయనతో కూర్చుని పేజీలు విడదీశాం. మొత్తం 63 ఇళ్లు. వారం వారం కూలి దొరికేవి 29. బెంగళూరుకో, కేరళకో పోయి, వెనక ముసలివాళ్లు ఉన్నవి 25. రాబడి లేనివి 9. సుగ్గి బడి సార్ చెప్పిందాకా ఆ 25 పేజీల్లో సరుకు ఎవరు తీసుకుంటున్నారో నేను ఆలోచించలేదు. నాలుగు పేజీల్లో ఉన్నవి బియ్యం, ఉప్పు, వక్కాకు, అంతే.

సాయంత్రం బడి అరుగు మీద సంఘం ఆడవాళ్లను పిలిచాం. పుస్తకం అక్కడ తెరుద్దామని నేనంటే నాయన ఒప్పుకోలేదు. రబ్బరు తీయకుండా ఒళ్లో పెట్టుకునే కూర్చున్నాడు. "ఎవరి అంకె వాళ్లకే చెప్తా. నలుగుర్లో చదివితే రేపు నా కొట్టుకు ఎవరొస్తారు" అన్నాడు. ఒక్కొక్కరినీ పక్కకు పిలిచి, వేలితో అంకె చూపించి, మళ్లీ పేజీ తిప్పేశాడు. చీకటి పడింది. నేను ఫోన్ లైటు పట్టుకుని నిలబడ్డాను. ఒకామె అంకె చూసి చాలాసేపు కదల్లేదు. "ఇంతయిందా అన్నా" అంది. నాయన, "అవుతుందిలేమ్మా, ఉప్పు కూడా కొనుక్కోవాల కదా" అన్నాడు.

మా ఊర్లో నాలుగు సంఘాలు. తర్జనభర్జన రెండు గంటలు నడిచింది. ఒక సంఘం ఒప్పుకోలేదు, వాళ్ల పొదుపు కూతుళ్ల పెళ్లిళ్లకు పెట్టుకున్నది, వాళ్లను తప్పుపట్టలేను. మిగతా మూడూ కలిసి 70,000 ఇస్తామన్నాయి. పొద్దున రెండు సంఘాల లీడర్లు నాయనతో కల్యాణదుర్గం పోయారు. షావుకారు కొంచెం నసిగాడు, మిగతాది ఉగాది దాకా ఆగుతానని ఆఖరికి ఒప్పుకున్నాడు. ఈ రోజు మధ్యాహ్నం బియ్యం, నూనె, కందిపప్పు దిగాయి. ధర్మవరం అక్క చెప్పినట్టు కొట్టు తలుపు మీద సుద్దముక్కతో రాసిపెట్టాం, ఏవి ఖాతాకు, ఏవి నగదుకు అని. బీడీల దగ్గర ఇప్పటికే ఇద్దరు గొడవ పడ్డారు. లెక్క రెండు పుస్తకాల్లో రాస్తున్నాం. రెండోది డిగ్రీ మధ్యలో ఆపేసిన మా పక్కింటి పాప రాస్తోంది. నెలకు కొంత ఇవ్వాలని సంఘం వాళ్లే తీర్మానించారు. పెనుకొండ బ్రదర్ అన్న మాట గుర్తుపెట్టుకుని నేనే అడిగాను, ఊరికే చేయించుకోవద్దని.

గొలుసు అమ్మ మెడలోనే ఉంది.

ఒక సందేహం. అక్టోబరులో పడిన వానకు సాళ్ల మధ్య కంది కొంచెం తేరుకుంది. నిన్న మా వీధి లింగమ్మవ్వ కొంగులో కందులు మూట కట్టుకుని వచ్చి, బాకీ కింద పట్టుకోమంది. ఆమెది ఆ 9 ఇళ్లలో ఒకటి. నాయన వద్దన్నాడు. ఆమెకు కోపమొచ్చి మూట గల్లాపెట్టె మీద పెట్టి వెళ్లిపోయింది. ఏం చేయాలి?

---

ధర్మవరం పడుగు
సోమవారం, రాత్రి 10:41

తీసుకోవాలి తమ్ముడూ. వద్దంటే ఆమె మళ్లీ కొట్టు గడప తొక్కదు. ఆమెను పిలిచి, ఆమె కళ్లెదుటే తూకం వేసి, ఈ రోజు మార్కెట్లో కందులకు ఏ ధర ఉందో ఆ ధరకే జమ రాయండి. ఒక్క రూపాయి ఎక్కువ రాసినా ఆమెకు తెలిసిపోతుంది.

---

హిందూపురం పెద్దాయన
సోమవారం, రాత్రి 10:55

అమ్మాయి చెప్పిందే సరి. రెండు పుస్తకాల్లోనూ జమ రాయండి.

---

కంబదూరు శీన
మంగళవారం, ఉదయం 7:35

ఇప్పుడే నాయనతో ఫోన్‌లో మాట్లాడాను. పొద్దున్నే అవ్వను పిలిపించాడంట. రెండు కిలోల మూడు వందల గ్రాములు తూగాయి. జమ రాసి, మిగిలిన బాకీ ఎంతో చెప్పాడు. అవ్వ ఆ అంకె రెండుసార్లు చెప్పించుకుని, వక్కాకు అడిగింది. అది నగదు సరుకు కిందికి వస్తుందని నాయన అంటే, కొంగు ముడి విప్పి ఐదు రూపాయలు పెట్టిందంట.